చూసి కొనాలి, అడిగి తినాలి: అల్వాల్ పెద్దమ్మ అనుభవ పాఠాలు

నేను కాపురానికి వచ్చిన నాటికి అల్వాల్ ఊరికి ఊరే, పట్నానికి పట్నమే. ఒక పక్క కంటోన్మెంట్, బొల్లారం. మరో పక్క శామీర్‌పేట్, మేడ్చల్ వైపు ద్రాక్ష తోటలు, కూరగాయల మళ్లు. 2007లో మా మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ)లో కలిసింది. తోటల స్థానంలో వెంచర్లు, వెంచర్లలో అపార్టుమెంట్లు, వాటి కింద సూపర్ మార్కెట్లు వచ్చాయి. ఇప్పుడు గడప దాటకుండానే ఏదైనా కొనొచ్చు. అయితే ఏం కొంటున్నామో, ఏం తింటున్నామో తెలుసుకోవడం మాత్రం మునుపటికంటే కష్టమైంది. మా ఇంటి కోడళ్లకు, మనవరాళ్లకు చెబుతూ వచ్చిన మాటలను మీకోసం వరుసగా రాస్తున్నాను. వీటన్నిటికీ మూలం ఒక్కటే. అడగడం అంటే జగడం పెట్టుకోవడం కాదు, మన ఇంటినీ మన బస్తీనీ కాపాడుకోవడం.

1. సంచి పట్టుకొని బయల్దేరండి, ముందు బోర్డు చదవండి.

రైతు నేరుగా తెచ్చి అమ్ముకోవాలని 1999 జనవరిలో రైతుబజార్లు మొదలుపెట్టారు. మా అల్వాల్‌లోనూ ఒకటి ఉంది. అక్కడ రోజూ పొద్దున ధరల బోర్డు పెడతారు. హోల్‌సేల్ ధరకంటే సుమారు పాతిక శాతం ఎక్కువగా, బయటి చిల్లర ధరకంటే సుమారు పాతిక శాతం తక్కువగా ఉండేలా ధర కట్టాలన్నది దాని లెక్క. రైతుకూ గిట్టుబాటు కావాలి, మనకూ భారం కాకూడదు. కాబట్టి లోపలికి వెళ్లగానే కూరగాయల మీద పడకుండా ముందు బోర్డు చదవండి. రేటు తెలిసి అడిగితే గీచి గీచి బేరమాడే పని ఉండదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి మార్కెట్‌కు పోయి రావడానికి చార్జీల దిగులు కూడా లేదు.

ఇంకొక మాట కూడా అడగండి: "ఇది ఏ ఊరి పంట బిడ్డా?" దగ్గరి ఊళ్ల నుంచి తెల్లవారుజామున వచ్చిన పుంటికూర, పాలకూర ఆకు నిలబడి ఉంటుంది, కాడ విరిస్తే టక్కున విరుగుతుంది. నీళ్లు చల్లి చల్లి నిలబెట్టిన కట్ట పైకి పచ్చగానే ఉంటుంది కానీ, విప్పితే లోపలి ఆకు మెత్తబడి జిగురుగా తగులుతుంది. కట్ట విప్పి చూపించమంటే నిజాయితీగా అమ్మేవాళ్లెవరూ కోప్పడరు.

2. కాంటా మీద సున్నా కనిపించాకే సరుకు వేయించండి.

ఇప్పుడు తరాజులు, బాట్లు పోయి అంతటా ఎలక్ట్రానిక్ కాంటాలే వచ్చాయి. దానికి ఎదురుగా నిలబడండి. పైన పళ్లెం ఉన్నప్పుడు అంకె సున్నా చూపించాలి. చూపించకపోతే పళ్లెం బరువుకు కూడా మీరే డబ్బు కడుతున్నట్టు. ఎలక్ట్రానిక్ కాంటాను ఏటా తూనికలు కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేయాలి. మిఠాయి దుకాణంలో ఈ చూపు మరీ అవసరం. అట్ట డబ్బాతో కలిపి తూచి, డబ్బా బరువుకు కూడా కోవా రేటే కట్టిస్తారు. "డబ్బా పెట్టి సున్నా చేసి, అప్పుడు తూచండి బాబూ" అని మెల్లగా అంటే చాలు.

గ్యాస్ బండ విషయంలోనూ అంతే. ఇంటి సిలిండర్లో 14.2 కిలోల గ్యాస్ ఉండాలి. ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది. ఆ రెండూ కలిపితే రావాల్సిన బరువు వస్తుందో లేదో తూచి చూపించమని అడగండి. పెట్రోల్ బంకులో అనుమానం వస్తే 5 లీటర్ల కొలపాత్రతో పోసి చూపించమనే హక్కు మీకుంది.

3. రంగు చూసి సంతోషపడకండి, వాసన చూడండి.

ఎండాకాలం వస్తే మా అల్వాల్ మీదుగా పోయే రాజీవ్ రహదారి పొడవునా మామిడి బండ్లే. కార్బైడ్‌తో మగ్గపెట్టిన పండు నాలుగు వైపులా ఒకే పసుపు రంగులో మెరిసిపోతుంది. తొడిమ దగ్గర ముక్కు పెడితే వాసన ఉండదు, కోస్తే లోపల గట్టిగా, పుల్లగా ఉంటుంది. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మగ్గపెట్టడం చట్టం నిషేధించిన పని. దానిలో ఆర్సెనిక్, భాస్వరం జాడలు ఉండొచ్చు. ఎథిలీన్ వాయువుతో, పరిమితికి లోబడి మగ్గపెట్టడానికి మాత్రం అనుమతి ఉంది. మీకు ఓపిక ఉంటే దోర కాయలు తెచ్చి వరిగడ్డిలోనో పాత పేపర్లలోనో చుట్టి ఇంట్లోనే మగ్గపెట్టుకోండి. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది.

కారం, పసుపు కూడా ఒకసారి పరీక్షించుకోండి. గాజు గ్లాసులో నీళ్లు తీసుకొని చెంచాడు కారం పైన చల్లండి. అడుగుకు దిగిన పొడిని వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా గరగరమంటే ఇటుక పొడి కలిసిందని అనుమానించాలి. పసుపు వేసిన నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగితే సరే. చిక్కటి రంగు దిగితే ఏదో కలిసిందని అనుమానించాలి. ఇంటి పరీక్ష అనుమానానికి మాత్రమే, రుజువుకు ప్రయోగశాల కావాలి. ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లే రుసుము కట్టి నమూనాను పరీక్షకు ఇవ్వొచ్చు. కల్తీ తేలితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. రాష్ట్ర ఆహార ప్రయోగశాల మనకు మరీ దూరం కాదు, నాచారంలోనే ఉంది.

4. బయట తినండి, కానీ కళ్లు తెరుచుకొని తినండి.

పిల్లలు బయట తింటామంటే నేను వద్దనను. సాయంత్రం చినుకులు పడుతుంటే బండి మీది మిర్చి బజ్జీ రుచే వేరు. సెలవు రోజు శామీర్‌పేట్ దాకా పోయి దాబాలో రొట్టె తినడం ఇక్కడ చాలా ఇళ్లలో అలవాటు. బండి దగ్గర ముందు మూకుడులోకి చూడండి. నూనె నల్లబడి, చిక్కబడి, బజ్జీ వేయకముందే నురగ కడుతూ పొగలు వస్తుంటే అక్కడి నుంచి కదలండి. కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే చెడు పదార్థాలు పెరుగుతాయి. వాటి మోతాదు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. మన దగ్గర కొలిచే పరికరం లేకపోయినా కన్నూ ముక్కూ ఉన్నాయి.

హోటల్లో గోడ మీదా, బిల్లు మీదా ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ఇచ్చిన 14 అంకెల నంబరు ఉండాలి. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద అది తప్పనిసరి. మోమోలు, షవర్మాలతో ఇచ్చే తెల్లటి మయోనైజ్ గురించి పిల్లలకు తప్పకుండా చెప్పండి. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను మన రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాది పాటు నిషేధించింది. ఆ నిషేధం ఎందుకు వచ్చిందో గుర్తుపెట్టుకుంటే చాలు. ఉడకని గుడ్డులో సూక్ష్మజీవులు పెరుగుతాయి, ప్రాణాల మీదికి వస్తుంది.

ఇక సర్వీస్ చార్జి. అడగకుండా బిల్లులో దాన్ని కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వడ్డించిన అబ్బాయికి సంతోషంగా ఏమైనా ఇవ్వాలనిపిస్తే అతని చేతికే ఇవ్వండి. కష్టపడినవాళ్లకు నేరుగా చేరుతుంది.

5. ప్యాకెట్‌ను ఒకసారి వెనక్కి తిప్పండి.

ముందువైపు బొమ్మలుంటాయి, నిజం వెనక ఉంటుంది. తయారైన నెల, గడువు తేదీ, నికర బరువు, అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర, ఫిర్యాదు చేసే నంబరు అక్కడే రాస్తారు. దానిలో వాడిన పదార్థాల పేర్లు ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తరువాత అనే వరుసలో ఉంటాయి. మల్టీగ్రెయిన్ అని రాసిన బిస్కెట్‌లో మొదటి పేరు మైదా, రెండోది చక్కెర అయితే అది మైదా బిస్కెటే. మా మనవరాలికి చదవడం వచ్చినప్పటి నుంచి ఈ పని తనకే అప్పగించాను.

ఫోన్లో తెప్పించుకునేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇంటికి చేరేసరికి సరుకు గడువులో కనీసం 30 శాతమో, లేదా 45 రోజులో మిగిలి ఉండేలా చూడాలని 2024 నవంబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. డబ్బు కట్టేముందు లెక్క మొత్తం చదవండి. మనం అడగని విరాళమో బీమానో బుట్టలో చేర్చేయడం కేంద్రం ఇచ్చిన 2023 నవంబరు మార్గదర్శకాల ప్రకారం మోసపు పద్ధతే.

6. బిల్లు దాచండి, గొంతు పెంచకుండా అడగండి.

ఈ పాఠం మా ఇంట్లో అక్షరాలా పనికొచ్చింది. ఒక దుకాణంలో మిక్సీ కొన్నాం. వారంటీ ఉండగానే కాలిన వాసన వచ్చి మోటారు ఆగిపోయింది. తీసుకెళితే "మోటారుకు వారంటీ లేదమ్మా" అన్నారు. ఇంటికొచ్చి బీరువాలోంచి బిల్లు, దుకాణం ముద్ర ఉన్న వారంటీ కార్డు తీశాను. కార్డు మీద మోటారుకు వారంటీ ఉందని స్పష్టంగా రాసి ఉంది. 1915కు ఫోన్ చేశాం. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. కొన్నాళ్లకు కంపెనీ నుంచే ఫోన్ వచ్చింది, మోటారు మార్చి ఇచ్చారు. ఎక్కడా గొడవ లేదు, కాగితమే మాట్లాడింది.

ఇప్పటి బిల్లుల మీద అక్షరాలు కొన్ని నెలలకే చెరిగిపోతాయి. కాబట్టి ఇంటికి రాగానే ఫోటో తీయండి, విలువైన వస్తువైతే జిరాక్స్ కూడా తీయించండి. ఫోన్‌తో పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మనం నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల వరకు కట్టిన సొమ్ముకు రుసుము లేదు. అయితే రెండేళ్లలోపు వేయాలి. "పోనీలే" అని ఊరుకుంటే ఆ గడువు తెలియకుండానే దాటిపోతుంది.

7. గిన్నె ఒకటి పక్కింటికి పంపండి.

అల్వాల్‌లో కరీంనగర్, సిద్దిపేట నుంచి వచ్చినవాళ్లున్నారు, ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లున్నారు, కంటోన్మెంట్ పుణ్యమా అని తమిళులు, మలయాళీలు, ఉత్తరాదివాళ్లూ ఉన్నారు. సంక్రాంతికి మా ఇంటి సకినాలు పక్కింటికి వెళ్తాయి, ఓణానికి వాళ్ల పాయసం మా ఇంటికి వస్తుంది. సకినాలు ఒక్కరితో అయ్యే పని కాదు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము వేసి, తెల్లబట్ట మీద చేత్తో చుట్లు చుట్టాలంటే నలుగురు కూర్చోవాలి. ఆ కూర్చున్నప్పుడే ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఏ సందులో దీపం వెలగడం లేదో తెలుస్తుంది. తరువాత చెప్పబోయే పాఠాలకు ఈ పరిచయమే పునాది.

8. చెరువును మన ఇంటి నీళ్ల బిందెలా చూసుకోండి.

ఒకప్పుడు ఇక్కడ ట్యాంకర్ వస్తుందంటే బిందెలు వరుసకట్టేవి. 2015 నుంచి ఎల్లంపల్లి దగ్గరి గోదావరి నీళ్లు గొట్టాల మీదుగా శామీర్‌పేట్ దగ్గరి ఘన్‌పూర్ దాకా వచ్చి, మన నల్లాల్లోకి చేరుతున్నాయి. అంత దూరం నుంచి వచ్చే నీటిని కారే నల్లా కింద వదిలేయకండి. నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా జలమండలి 155313కు వెంటనే చెప్పండి.

గోదావరి వచ్చింది కదా అని చెరువును మరిచిపోతే బోర్లు ఎండుతాయి, వాన పడితే ఇళ్లలోకి నీళ్లు వస్తాయి. బతుకమ్మ వేసే మా కొత్తచెరువు లాంటి చోట చెత్త సంచులు వేయడానికి చెయ్యి ఎలా వస్తుంది? 120 మైక్రాన్లకన్నా పలచటి ప్లాస్టిక్ సంచులు 2022 చివరి నుంచే నిషేధం. మన చేతిలో గుడ్డ సంచి ఉంటే దుకాణదారుకు ప్లాస్టిక్ సంచి ఇచ్చే అవసరమే రాదు. చెరువు హద్దుల పటాలు హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ప్లాటు కొనే పిల్లలు అడ్వాన్సు ఇచ్చేముందు అది చెరువు నీళ్లు నిలిచే హద్దులో ఉందేమో చూసుకోవాలి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడ్డాక ఎంతమంది ఇళ్లు పోయి ఏడ్చారో చూశాం. అమ్మినవాడు వెళ్లిపోతాడు, నష్టపోయేది కొన్నవాడే.

9. పదిమంది ఒక కాగితం మీద సంతకం పెట్టండి.

ఒక్కరు అరిస్తే విసుగు, పదిమంది రాసి ఇస్తే అర్జీ. మురుగు పొంగినా, వీధి దీపం వెలగకపోయినా తేదీ, స్థలం, ఫోటోతో రాయండి. సోమవారం ప్రజావాణిలో ఇచ్చి, అందిందని ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో అడిగితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

మాకిప్పుడు పెద్ద విషయం రాజీవ్ రహదారి. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట్ వైపు ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చి 7న మా అల్వాల్‌లోనే శంకుస్థాపన చేశారు. రద్దీ తగ్గాలని అందరికన్నా మేమే ఎక్కువగా కోరుకుంటున్నాం. దాంతోపాటు కింద నడిచేవాళ్ల సంగతి కూడా చూడాలి. రోడ్డు దాటే చోట్లు, బస్టాపులో నీడ, కర్ర పట్టుకొని నడిచే ముసలివాళ్లకు సరిపడే ఫుట్‌పాత్, కూరగాయల బండ్లకు జాగా ఇవన్నీ పని నడుస్తుండగానే అడగాలి. సిమెంటు గట్టిపడ్డాక అడిగితే ఫలితం ఉండదు.

10. మంచివాళ్లను పేరు పెట్టి మెచ్చుకోండి.

తప్పు చూసి అడిగే నోరు, ఒప్పు చూసినప్పుడు మూసుకుపోకూడదు. సరిగ్గా తూచేవాళ్లు, మిగిలిన నూనె పారబోసేవాళ్లు, పాడైన కాయను తమంతట తామే పక్కన పెట్టేవాళ్లు మన అంగట్లో చాలామంది ఉన్నారు. రెండు రూపాయలు ఎక్కువైనా వాళ్ల దగ్గరే కొనండి, నలుగురికీ చెప్పండి. నిజాయితీగా అమ్మితే గిరాకీ పెరుగుతుందని తెలిస్తే పక్క బండివాళ్లూ అదే దారికి వస్తారు. చట్టాలు ఢిల్లీలోనో సెక్రటేరియట్‌లోనో తయారవుతాయి. వాటికి ప్రాణం వచ్చేది మాత్రం మనం రోజూ వెళ్లే దుకాణంలో, మనం అడిగే మాటతోనే. కాబట్టి చూడండి, అడగండి, రాసిపెట్టుకోండి. మీ పిల్లలకూ ఇప్పటి నుంచే అలవాటు చేయండి.