పాడైన యంత్రమునకు మూడు ధరలు

పాడైన మిక్సీ ఒకటి ఉన్నదనుకొందము. దానికి ధర యెంత? తుక్కు క్రింద తూచి ఇచ్చునది ఒక ధర. మంచి భాగములను విడదీసి అమ్మినచో వచ్చునది రెండవ ధర. బాగుచేసి మిక్సీగానే అమ్మినచో వచ్చునది మూడవ ధర. సాధారణముగా వీనిలో మొదటిదే మిక్కిలి తక్కువ. అయినను మన ఇండ్లలోని వస్తువులు పెక్కు ఆ ధరకే పోవుచున్నవి. “పాతది ఇచ్చి కొత్తది కొనుడు” అని అమ్ముచున్న మన దుకాణములకు ఈ లెక్క మరింత అవసరము.

తెలుగు దేశమునుండి కూలిపనులకు వచ్చిన కామాఠీల పేరుమీదనే కామాఠిపుర వెలసినది. ఆ పేటను ఆనుకొనియున్న ఫోరస్ రోడ్డునుండి ఒక ప్రక్కకు నడచిన పాత సామానుకు పేరుపొందిన చోర్ బజారు వచ్చును. మరియొక ప్రక్కకు నడచిన ఎలక్ట్రానిక్ విడిభాగములు అమ్ము లామింగ్టన్ రోడ్డు వచ్చును. కనుక పై రెండు ధరలును మనకు అందుబాటులోనే ఉన్నవి.

ఇక ఏ వస్తువులో ఏమి చూడవలెనో తెలిసికొందము.

మిక్సీ: తిరుగుట ఆగినంతనే మోటారు కాలినదని తలపరాదు. చాల మిక్సీలకు అడుగున ఒక మీట ఉండును. బరువు ఎక్కువైనపుడు అది కరెంటును ఆపును. మొదట దానిని నొక్కి చూడవలెను. కార్బన్ బ్రష్షులు అరిగినను మోటారు ఆగును. మోటారు తిరుగుచున్నను జారులోని బ్లేడు తిరుగనిచో కప్లరు అరిగియుండును. ఇవి స్వల్పఖర్చుతో మార్చదగినవి.

సీలింగు ఫ్యాను: నెమ్మదిగా తిరిగినచో తరచు కెపాసిటరు బలహీనపడి యుండును. గరగరమన్నచో బేరింగులు చూడవలెను. వైండింగు కాలిపోయినను రెక్కలు, రాడ్డు, గిన్నెలు అదే రకపు మరియొక ఫ్యానుకు పనికివచ్చును.

ఫ్రిజ్: థర్మోస్టాట్, రిలే, అరలు, తలుపు రబ్బరు తీసి దాచదగినవి. గ్యాసు గొట్టమును మాత్రము తెలియనివారు కోయరాదు. పాతవాటిలోని ఆర్-12 వాయువు ఓజోను పొరకు చేటు. నేటివాటిలో పెక్కింట నుండు ఆర్-600ఎ నిప్పు తగిలిన మండును.

మైక్రోవేవ్ ఓవెను, పాత టి.వి.: వీనిని ఇంటిలో విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటకూడ ఓవెను కెపాసిటరులో ప్రాణము తీయగల విద్యుత్తు నిలిచియుండవచ్చును. పాత టి.వి. గాజుగొట్టములో సీసము ఉండును.

బాగుపడనివి, భాగములు తీయగా మిగిలినవి మాత్రమే లోహముగా పోవలెను. ఇచటనే పెద్ద అనర్థము జరుగుచున్నది. రాగికొరకు కొందరు తీగల చుట్టలను కాల్చుదురు. పై ప్లాస్టిక్ కాలగా డయాక్సిన్ వంటి విషములు పుట్టును. ఆ పొగను మొదట పీల్చునది కాల్చు కూలి, ఆ ప్రక్కన ఆడుకొను పిల్లలు. పైగా కాలిన రాగికి, ఒలిచిన మెరుగు రాగికంటె ధర తక్కువ. పాపమును నష్టమును ఒక్క మంటలోనే కలవు.

2022లో ప్రపంచమంతట ఇట్టి వ్యర్థము 6.2 కోట్ల టన్నులు పోగైనదనియు, అందు 22.3 శాతము మాత్రమే సక్రమముగా సేకరింపబడి శుద్ధియైనట్లు నమోదైనదనియు ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలిపినది. మన దేశములో 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న నియమముల ప్రకారము, తయారీదారులు నమోదైన రీసైక్లింగు సంస్థల ద్వారా తమ బాధ్యత నెరవేర్చవలెను. అట్టి సంస్థకో, దానికి చేర్చు సేకరణ కేంద్రమునకో ఇచ్చి రసీదు పుచ్చుకొనుట వర్తకునికి క్షేమము.

దుకాణము వెనుక మూడు అరలు కట్టించుడు. మొదటిదానిలో బాగుపడు వస్తువులు, రెండవదానిలో పనికివచ్చు భాగములు, మూడవదానిలో లోహము ఉంచుడు. పాత వస్తువు వచ్చిన దినముననే ఏ అరకు చెందునో నిర్ణయించుడు. ఎక్కువ ధర పలికిననుసరే, తీగలు కాల్చువానికి మాత్రము మూడవ అర తలుపు తెరువకుడు.