కంప్యూటరు పాఠము: ఫైళ్లు తెరువబడనిచో

2022వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును ఆమోదించినది. రైతుల లెక్కలు యంత్రములకెక్కుచున్న ఈ కాలమున దాని మరమ్మతును గూర్చి సభ్యులును కొంత యెఱుగుట మంచిదని మేము తలంచుచున్నాము.

విండోస్ కంప్యూటరునందు అప్‌డేటు జరిగిన పిమ్మట ఒక్కొక్కప్పుడు ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెఱచినంతనే మూతపడును. చిట్టాలు నశించెనని భయపడరాదు. ఎక్స్‌ప్లోరర్ గాదెకు తలుపు వంటిది. తలుపు బిగిసినంతమాత్రమున ధాన్యము పోదు.

మొదట కంట్రోల్, షిఫ్టు, ఎస్కేప్ మీటలను ఒక్కసారిగా నొక్కి టాస్క్ మేనేజరును తెఱచి, విండోస్ ఎక్స్‌ప్లోరరును ఎన్నుకొని 'రీస్టార్ట్' నొక్కవలెను. కుదురనిచో కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటరు అధికారముతో తెఱచి, ఆంగ్లాక్షరములతో 'ఎస్‌ఎఫ్‌సి', ఒక ఖాళీ, గీటు, 'స్కాన్‌నౌ' అని వ్రాసి ఎంటర్ నొక్కవలెను. చెడిన విండోస్ ఫైళ్లను అది సరిచేయును. అప్పటికిని తగ్గనిచో సెట్టింగ్సులో అప్‌డేట్ హిస్టరీని చూచి, క్రొత్తగా వచ్చిన అప్‌డేటును తొలగింపవలెను. సవరించిన అప్‌డేటు రాగానే మరల వేసికొనవలెను. లేనిచో యంత్రమునకు రక్షణ తగ్గును.

డిస్కును ఫార్మాటు చేయుటకు మాత్రము ఎవ్వరును తొందరపడరాదు. అట్లు చేసినచో తలుపుతో కూడ ధాన్యమును పోవును. వారమున కొక్కమారైనను లెక్కల ప్రతిని వేఱొక డిస్కునందు భద్రపఱచునట్లు చూడుడని సభ్యులను కోరుచున్నాము.