కల్లు మానగానే వణుకు, పిచ్చి మాటలు

ప్రశ్న: మా నాన్న రెండు రోజులుగా కల్లు మానేశారు. చేతులు వణుకుతున్నాయి, ఏదేదో మాట్లాడుతున్నారు. మూత్ర పరీక్షలో కారణం తెలుస్తుందా? – పాఠకురాలు, తిమ్మాజిపేట

జవాబు: అమ్మా, పరీక్ష తర్వాత. ముందు 108కి ఫోన్ చేసి నాగర్‌కర్నూల్ జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. నా అనుమానమంతా కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపాం మీదే. అలవాటైన ఒంటికి అవి ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. 2015లో కల్తీపై దాడులు జరిగినప్పుడు పాలమూరు, నిజామాబాద్ ఆసుపత్రులకు ఇలాంటివాళ్లే బారులు తీరారు. డాక్టర్లు మందు ఇచ్చి, మోతాదు మెల్లగా తగ్గిస్తారు.

మూత్రపు స్ట్రిప్ ఈ రెండింటినీ పట్టగలదు. కల్తీలో వాడే క్లోరల్ హైడ్రేట్‌ను పట్టదు. అందుకే నెగెటివ్ వచ్చినా, ఆయన రోజూ ఎంత తాగేవారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.