అమ్మకు వచ్చిన క్యాన్సర్ నాకూ వస్తుందా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 38. రెండేళ్ల కిందట మా అమ్మ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పోయింది. కణాల్లో జన్యు మార్పులు బాగా జరిగిపోయాయని అప్పట్లో డాక్టరు అన్న మాట మా అందరి మనసుల్లో ఉండిపోయింది. జన్యువులంటే వంశంలో దిగేవే కదా, నీకూ తప్పదేమో అంటోంది మా పెద్దమ్మ. మా పాపకు 13 ఏళ్లు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ విషయం అడ్డొస్తుందేమోనని మా అత్తగారి బెంగ. నేనూ పాపా జన్యు పరీక్ష చేయించుకోవాలా?
– ఒక సోదరి, కరీంనగర్

జవాబు: అమ్మా, జన్యు మార్పు వేరు, వారసత్వం వేరు. ముందు ఈ మాట మీ ఇంట్లో అందరికీ చెప్పండి. మీ అమ్మగారి కణాల్లో జరిగిన మార్పులు ఆవిడ పుట్టుకతో తెచ్చుకున్నవి కావు. గర్భాశయ ముఖద్వారం దగ్గర ఉండే కొన్ని కణాల్లో, ఆవిడ పెద్దయ్యాక, ఏళ్ల తరబడి జరిగినవి. అండంలో అవి ఉండవు. కాబట్టి మీకు రాలేదు, మీ నుంచి పాపకూ వెళ్లవు.

ఈ క్యాన్సర్లలో దాదాపు అన్నింటికీ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఆ సంగతి కనిపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన బృందం 1983, 84లలో గుర్తించిన 16, 18 రకాలే ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణం. కలయిక ద్వారా సోకే ఈ వైరస్ దాంపత్య జీవితంలో ఉన్న ఆడవాళ్లలో, మగవాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. ఇంత మామూలు వైరస్‌ను పట్టుకుని ఏ స్త్రీ నడవడికనూ శంకించకూడదు. సోకిన పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపు శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. మిగిలిన కొద్దిమందిలోనే అది పాతుకుపోతుంది. పొగాకు అలవాటు, హెచ్‌ఐవీ ఉంటే ఆ ముప్పు పెరుగుతుంది.

పాతుకుపోయిన వైరస్ ఏం చేస్తుందో కొంచెం ఓపికగా చదవండి, మీ భయానికి జవాబు అక్కడే ఉంది. మన కణాల్లో పీ53, ఆర్‌బీ అని రెండు కాపలా ప్రోటీన్లు ఉంటాయి. డీఎన్‌ఏ దెబ్బతింటే పీ53 ఆ కణాన్ని ఆపి మరమ్మతుకు సమయం ఇస్తుంది, బాగుపడకపోతే కణమే చనిపోయేలా చేస్తుంది. ఆర్‌బీ కణ విభజనకు కళ్లెం. వైరస్‌లోని ఈ6 అనే ప్రోటీన్ పీ53ని ముక్కలు చేయిస్తుంది. ఈ7 ఆర్‌బీని పట్టుకుని పని చేయనివ్వదు. చాలా ఇతర క్యాన్సర్లలో పీ53 జన్యువే చెడిపోతుంది. ఇక్కడ సాధారణంగా జన్యువు నిక్షేపంగా ఉంటుంది, అది తయారుచేసిన ప్రోటీన్‌నే వైరస్ మింగేస్తుంది. అంటే తొలి దెబ్బ బయటి నుంచి వచ్చినదే.

కాపలా లేని కణంలో తప్పులు పోగుపడతాయి. మామూలుగా విభజన జరిగిన ప్రతిసారీ క్రోమోజోముల కొసలు కాస్త అరుగుతూ, చివరికి కణం విభజన మానేస్తుంది. ఈ6 ఆ అరుగుదలనూ అడ్డుకుంటుంది. వైరస్‌ను ఎదుర్కోవడానికి మన శరీరం తయారుచేసే అపోబెక్ ఎంజైములు మన డీఎన్‌ఏ మీదే గాట్లు పెడతాయి. 3వ క్రోమోజోములో ఒక భాగానికి అదనపు ప్రతులు పుడతాయి. విడిగా ఉండాల్సిన వైరస్ డీఎన్‌ఏ చాలాసార్లు మన క్రోమోజోములోకే చొరబడి అతుక్కుంటుంది. ఈ6, ఈ7లను అదుపులో ఉంచే వైరస్ జన్యువు తరచూ ఆ అతుకు దగ్గరే తెగిపోతుంది. ఆ తర్వాత వాటికి పట్టపగ్గాలు ఉండవు.

అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ 1951లో, 31 ఏళ్లకే, ఈ జబ్బుతో చనిపోయింది. ఆమె అనుమతి అడగకుండానే తీసుకున్న కణాలు ‘హీలా’ పేరుతో ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఇప్పటికీ పెరుగుతున్నాయి. వాటిలో హెచ్‌పీవీ 18 డీఎన్‌ఏ 8వ క్రోమోజోములో అతుక్కుని ఉంది. దాదాపు అర్ధ శతాబ్దం ఆగకుండా పెరిగిన ఆ కణాల్లో ఈ6, ఈ7లను అణచి చూస్తే పెరుగుదల ఆగిపోయింది. ఎన్ని జన్యు మార్పులు పోగుపడినా పగ్గం వైరస్ చేతిలోనే ఉందన్నమాట.

ఇదంతా జరగడానికి సాధారణంగా పది నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. అంటే ముందే పట్టుకోవడానికి మనకు చాలా గడువు ఉంటుంది. అందుకే మీకు కావలసింది జన్యు పరీక్ష కాదు, హెచ్‌పీవీ పరీక్ష. పాపకు ఇప్పుడు ఏ పరీక్షా అక్కర్లేదు, హెచ్‌పీవీ టీకా చాలు. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో, అంటే ఒకప్పటి మన నిజాం రాజ్యంలోనే, 30–59 ఏళ్ల వయసున్న లక్షా 30 వేల మందికి పైగా గ్రామీణ స్త్రీలతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 2009లో ఫలితాలు వచ్చాయి. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గ్రామాల్లో ఈ క్యాన్సర్ మరణాలు సుమారు సగానికి తగ్గాయి. పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. నెగెటివ్ వస్తే మళ్లీ ఐదేళ్లకు. పాజిటివ్ వచ్చినా క్యాన్సర్ అని కాదు, కాల్పోస్కోపీతో దగ్గరగా చూసి అవసరమైతే ఆ కాస్త పొరనే తొలగిస్తారు.

తల్లికో అక్కకో ఉంటే ముప్పు కొంచెం ఎక్కువన్నది నిజమే. వైరస్‌ను వదిలించుకునే రోగనిరోధక శక్తిలో కుటుంబాల మధ్య తేడాలుంటాయి. నిజంగా వంశంలో దిగే రకం చాలా అరుదు. పెదవుల మీద నల్లమచ్చలు, పేగుల్లో పిలకలు ఉండే పూట్జ్–జెఘర్స్ అనే జబ్బులో అది కనిపిస్తుంది. మీ ఇంట్లో అలాంటివి ఎవరికైనా ఉంటేనే జన్యు నిపుణులను కలవండి. పాప పెళ్లికి మాత్రం ఈ సంగతి అడ్డు కానే కాదని అత్తగారికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. తెల్లబట్ట అవుతోంది. మా ఊరి ఆర్‌ఎంపీ గారు ‘అశ్రద్ధ చేస్తే క్యాన్సర్‌లోకి దిగుతుంది, గర్భసంచి తీయించేసుకో’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: తీయించుకోవద్దు. తెల్లబట్ట క్యాన్సర్‌లోకి దిగదు. అది చాలావరకు మందులతో తగ్గే ఇన్ఫెక్షన్. దేశంలో గర్భసంచి తీసేసిన స్త్రీల శాతం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. మన ఆడవాళ్లకు ఇలాంటి భయమే చెప్పి ముప్పై, ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్లు చేయడం నన్ను ఎంతో బాధపెడుతుంది. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే ఎముకలు ముందే గుల్లబారతాయి. గైనకాలజిస్టు దగ్గరకు వెళ్లి హెచ్‌పీవీ లేదా పాప్ స్మియర్ పరీక్ష చేయించుకోండి. కలయిక తర్వాత రక్తం కనిపించినా, నెలసరికీ నెలసరికీ మధ్య కనిపించినా, ముట్లుడిగాక కనిపించినా, దుర్వాసనతో నెత్తుటి చార వచ్చినా ఆ వారంలోనే చూపించుకోవాలి.

ప్రశ్న: మా అమ్మాయికి హెచ్‌పీవీ టీకా వేయిద్దామంటే మా బంధువులు ‘ఖమ్మంలో టీకా వేసిన పిల్లలు చనిపోయారు’ అంటున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, భద్రాచలం

జవాబు: 2009లో ఖమ్మం జిల్లాలో ఈ టీకా కార్యక్రమం జరిగింది. టీకా వేయించుకున్నవారిలో కొందరు బాలికలు తర్వాత చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. అయితే తల్లిదండ్రులకు సరిగా చెప్పకుండా హాస్టల్ వార్డెన్ల చేత సంతకాలు పెట్టించడం తప్పే. గిరిజన కుటుంబాలకు అప్పుడు వచ్చిన కోపం న్యాయమైనది.

ఆ సమయంలోనే దేశంలో ఇదే టీకా మీద జరుగుతున్న మరో అధ్యయనంలోనూ టీకాలు వేయడం ఆగిపోయింది. అందులో సుమారు 5 వేల మంది అమ్మాయిలకు ఒక్క డోసే పడింది. పదేళ్ల తర్వాత చూస్తే 16, 18 రకాలు పాతుకుపోకుండా ఆ ఒక్క డోసు దాదాపు మూడు డోసులంత రక్షణ ఇచ్చింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతిని అంగీకరించడానికి ఆధారమైన అధ్యయనాల్లో ఇదీ ఒకటి.

టీకా 9–14 ఏళ్ల మధ్య, వైరస్ సోకే వయసు రాకముందే వేయించడం మేలు. ఇప్పటికే సోకిన వైరస్‌ను అది పోగొట్టదు. కాబట్టి అమ్మాయిని టీకాకు తీసుకెళ్లే రోజున, ఇంట్లో 30 దాటి ఇంతవరకూ పరీక్ష చేయించుకోని ఆడవాళ్లనూ వెంట తీసుకెళ్లండి.