క్రైస్తవ జీవితమున స్వకార్యముల ఉత్తరవాదిత్వము



వ్యాకరణ పాఠములలో అకర్మక క్రియలనియు సకర్మక క్రియలనియు రెండు విధములైన క్రియలను మీరు నేర్చియున్నారు. “పలక పగిలినది” యనునది అకర్మకము. “నేను పలకను పగులగొట్టితిని” యనునది సకర్మకము. రెండు వాక్యములును ఒక్క సంగతినే తెలుపును. అయినను మొదటిదానిలో చేసినవాడు కానరాడు. పలక తనంతట తానే పగిలినట్లుండును. తప్పిదము జరిగినప్పుడు మన నోట తరచుగా వచ్చునది ఈ మొదటి వాక్యమే. “ఆలస్యమైనది,” “పుస్తకము పోయినది,” “మాట జారినది” అందుము. “ఆలస్యము చేసితిని,” “పోగొట్టితిని,” “కఠినముగా పలికితిని” అనుటకు నాలుక రాదు. ఈ చిన్న భేదమును మనస్సున నుంచుకొని పరిశుద్ధ గ్రంథమందలి కొన్ని చరిత్రలను పరిశీలింతము.

1. తప్పించుకొనుట

మోషే సీనాయి కొండమీద నుండగా, తమకొక దేవతను చేయుమని ప్రజలు అహరోనును కోరిరి. అతడు వారి బంగారు పోగులను తీసికొని, పనిముట్టుతో రూపము దిద్ది, దూడను చేసెనని నిర్గమకాండము 32వ అధ్యాయము చెప్పుచున్నది. మోషే దిగివచ్చి యడిగినప్పుడో, తాను బంగారమును అగ్నిలో వేయగా దూడ వెలువడినదని అహరోను ప్రత్యుత్తరమిచ్చెను. చేసిన దూడ వచ్చిన దూడ యయ్యెను! అంతకు పూర్వము ఏదెను తోటలో ఆదాము స్త్రీని చూపెను. స్త్రీ సర్పమును చూపెను. పిలాతు జనుల యెదుట చేతులు కడుగుకొనెను. అయినను ప్రభువును సిలువవేయ నప్పగించినవాడు అతడే. ఆడలేక మద్దెల ఓడన్నట్లు వీరందరు నింద వేరొకచోట మోపిరి.

ఇచ్చట మనము గమనింపవలసిన దొకటి కలదు. వీరి సాకులు పూర్తిగా అబద్ధములు కావు. ప్రజలు అహరోనును బలవంతపెట్టిన మాట నిజము. సర్పము స్త్రీని మోసపుచ్చిన మాటయు నిజము. సాకునకు బలము దానిలోని సగము సత్యమే. కావుననే అది ఇతరులకంటె ముందుగా మనలనే మోసపుచ్చును.

2. ఒప్పుకొనుట

అట్లయిన “పాపము చేసితిని” అను మాట పలికినంతనే చాలునా? సౌలును దావీదును ఇరువురును ఆ మాట పలికిరి. అమాలేకీయుల మందలలో శ్రేష్ఠమైనవానిని మిగిల్చిన సౌలు మొదట తాను ఆజ్ఞను నెరవేర్చితిననెను. పిమ్మట ప్రజలు వానిని బలికొరకు తెచ్చిరనెను. తుదకు తప్పొప్పుకొని, ప్రజలకు జడిసి యట్లు చేసితిననెను. వెంటనే పెద్దల యెదుట తన్ను ఘనపరచుమని సమూయేలును వేడుకొనెను. అతనికి పాపముకంటె పరువే పెద్దది.

దావీదు ఊరియాను యుద్ధమున చంపించి, ఖడ్గము ఎవరినైనను భక్షించునని యోవాబునకు కబురంపెను. అదియు అకర్తృకమైన మాటయే. చంపినది ఖడ్గము, దావీదు కాడు. నాతాను ప్రవక్త వచ్చి, అమ్మోనీయుల ఖడ్గముచేత ఊరియాను చంపినవాడవు నీవేయని ఆ వాక్యమునకు కర్తను తిరిగి చేర్చెను. అప్పుడు దావీదు ఏ కారణమును చెప్పక, ఎవరి పేరును ఎత్తక, తాను ప్రభువునకు విరోధముగా పాపము చేసితినని యొప్పుకొనెను. క్షమాపణ వెంటనే దొరకెను. కాని అతని క్రియవలని దుఃఖము అతని గృహమును విడువలేదు. క్షమింపబడినవాడు తన క్రియాఫలమును సణుగక భరించుటయు ఉత్తరవాదిత్వములోని భాగమే.

3. సరిచేయుట

ఒప్పుకొనుటతో పని ముగియదు. తన అపరాధమును ఒప్పుకొనువాడు మూలధనమును, దానిలో అయిదవ వంతును కలిపి, నష్టపడినవానికి ఇయ్యవలెనని సంఖ్యాకాండము 5వ అధ్యాయము విధించుచున్నది. అనగా అయిదు రూపాయలు అన్యాయముగా తీసికొన్నవాడు ఆరు రూపాయలు చెల్లింపవలెను. యెరికో పట్టణపు సుంకరుల పెద్దయైన జక్కయ్య నాలుగంతలు, అనగా ఇరువది రూపాయలు, చెల్లింతుననెను. అంతేకాక తన ఆస్తిలో సగము బీదలకు ఇత్తుననెను. అయితే జక్కయ్య ఈ మాట చెప్పకముందే ప్రభువు అతనిని పేరు పెట్టి పిలిచి, అతని యింట బసచేయ నిశ్చయించెను. కావున సరిచేయుట క్షమాపణకు వెల కాదు. కృపను పొందిన హృదయము ఫలించిన ఫలము.

4. ఒక సందేహము

“నా పెంపకము అట్టిది, నా స్నేహితులు అట్టివారు, అంతయు నా తలవ్రాత” అని కొందరందురు. క్రీ. పూ. 597లో బబులోనునకు చెరగొనిపోబడిన యూదులును తమ కష్టములకు తండ్రుల పాపములే కారణమని చెప్పుకొనుచుండిరి. వారిలోనివాడైన యెహెజ్కేలు ప్రవక్త తన గ్రంథమున 18వ అధ్యాయమందు ఆ మాటను ఖండించి, ఎవని నీతి వానిది, ఎవని దోషము వానిది యని బోధించెను. ఇది కఠినముగా తోచవచ్చును గాని, ఇందులో గొప్ప నిరీక్షణ కలదు. దోషము తండ్రిదే యైనచో కుమారునికి మార్గము లేదు. దోషము తనదైనచో తాను మరలవచ్చును.

ఒకరి భారము లొకరు భరింపవలెనని గలతీయులకు వ్రాసిన పౌలు, అదే అధ్యాయమున ప్రతివాడును తన బరువు తానే మోయవలెననియు వ్రాసెను. ఇవి విరుద్ధములు కావు. పొరుగువాడు క్రుంగిపోవునప్పుడు చేయి వేయుట ప్రేమ. మన మూటను అతని నెత్తి కెత్తుట ప్రేమ కాదు.

విద్యార్థులారా, ఈ దినమున మీవలన ఏదైన తప్పు జరిగినయెడల మూడు పనులు చేయుడు. వాక్యమున “నేను” అను కర్తను చేర్చుడు. “అయితే” అను మాటను చేర్చక అచ్చట ఆపుడు. పిమ్మట నష్టపడినవానియొద్దకు మీరే నడచి వెళ్లి, సరిచేయదగినదానిని సరిచేయుడు. పాఠశాలలో ఒక పుస్తకము విషయమై దీనిని అభ్యసించినవాడు, రేపు కుటుంబమునందును ఉద్యోగమునందును సంఘమునందును పెద్ద విషయములలో తడబడడు. అట్టి ధైర్యమును ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక.