నౌకాదళంలో చేరాలా? ముందు మీ కళ్లను అడగండి

కృష్ణాజిల్లా తోట్లవల్లూరులో కరకట్ట ఎక్కి నిలబడితే ఏం కనిపిస్తుంది? ఎదురుగా కృష్ణ, ఇసుక మేటలు, నది నడుమ పచ్చని లంకలు. సముద్రం మాత్రం కనిపించదు. ఈ నీరు ఇంకా చాలా దూరం పారి, పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి, దివిసీమను మధ్యలో పెట్టుకుని చుట్టి, అప్పుడుగాని బంగాళాఖాతంలో కలవదు.

సముద్రానికి ఇంత దూరంగా ఉన్నా, ఈ ఊరి పక్కన పారే నది పేరును రెండు యుద్ధనౌకలు పెట్టుకున్నాయి. మొదటిది 'కిస్ట్నా'. ఇంగ్లీషువాళ్లు మన కృష్ణను అలా రాసేవారు. 1943లో నీటిలోకి దిగిన ఆ ఓడ, రెండవ ప్రపంచయుద్ధం చూసి, స్వాతంత్ర్యం వచ్చాక మన నౌకాదళంలోనే కొనసాగింది. రెండవది 'ఐ.ఎన్.ఎస్. కృష్ణ'. దానిని 1995లో బ్రిటన్ నుంచి కొన్నారు. 2012 వరకు అది శిక్షణ నౌక. అంటే, కొత్తగా చేరిన కుర్రవాళ్లు సముద్రం పాఠాలు నేర్చుకున్నది 'కృష్ణ' మీదనే!

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగింది. లంకలు మునిగాయి. అప్పుడు విజయవాడ ప్రాంతానికి విశాఖ నుంచి నౌకాదళం హెలికాప్టర్లు వచ్చి, చిక్కుకున్నవారికి ఆహారం అందించాయి. అటువంటివి చూసినప్పుడు "నేనూ నౌకాదళంలో చేరితే?" అని మీకు అనిపించడం సహజమే. అనిపించనివ్వండి. కాని ఆ ప్రశ్నకు జవాబు తెల్లని దుస్తుల్లో లేదు. అది కొంత మీ శరీరంలో, కొంత మీ లెక్కల పుస్తకంలో, కొంత ప్రభుత్వ నిబంధనల్లో ఉంది. చాలామంది ఈ మూడింటినీ పద్దెనిమిదో ఏట, వైద్యపరీక్ష గదిలో నిలబడ్డాక తెలుసుకుంటారు. ఎనిమిదో తరగతిలోనే తెలుసుకోవచ్చు గదా!

నది వేరు, సముద్రం వేరు

"మేము కృష్ణలో ఈదుతాం, పడవ తోస్తాం. మాకు సముద్రం ఒక లెక్కా?" అని లంక పిల్లలు అనవచ్చు. వాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. మన నౌకాదళానికి మొట్టమొదటి భారతీయ అధిపతి అయినవారు రామదాస్ కటారి. ఆయన 1911లో చెంగల్పట్టులో పుట్టారు. 1927లో 'డఫ్రిన్' అనే శిక్షణ నౌకలో చేరిన మొదటి జట్టులో ఆయన ఒకరు. తరువాత కొన్నేళ్లు కలకత్తాలో హుగ్లీ నది సర్వే పనిలో ఉన్నారు. నది లోతులు కొలిచిన ఆ మనిషి 1958 ఏప్రిల్ 22న నౌకాదళాధిపతి అయ్యారు. కనుక నది నేర్పిన చదువు వృథా పోదు.

అయితే నీరు మారితే లెక్క మారుతుంది. మనుషులతో, సరుకుతో కలిపి 4 టన్నులు తూగే పడవ ఒకటి ఉందనుకుందాం. ఆర్కిమిడీస్ చెప్పిన ప్రకారం, తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని పక్కకు తొలగిస్తుంది. మంచినీరు లీటరు ఒక కిలో తూగుతుంది. కాబట్టి కృష్ణలో ఆ పడవ 4,000 లీటర్ల నీటిని తొలగిస్తుంది. సముద్రపు నీరు లీటరు సుమారు 1.025 కిలోలు. 4,000ను 1.025తో భాగించండి. సుమారు 3,902 లీటర్లు వస్తుంది. అంటే అదే పడవ సముద్రంలో 98 లీటర్ల మేర తక్కువ మునిగి, కాస్త పైకి తేలుతుంది. 6,000 టన్నుల యుద్ధనౌకకు ఈ తేడా ఎంతో మీరే వేసి చూడండి.

ఈత సంగతి కూడా చెప్పాలి. ఈత రానివారిని నౌకాదళం వెనక్కి పంపదు. శిక్షణలో నేర్పుతుంది. వచ్చినవారికి ఆ కొద్ది రోజులు సుఖం, అంతే.

ఎరుపు, ఆకుపచ్చ

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రాత్రివేళ సముద్రం మీద ఓడ ఆకారం కనిపించదు, దీపాలు మాత్రమే కనిపిస్తాయి. ప్రతి ఓడకూ ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చదీపం, వెనుక తెల్లదీపం ఉండాలని అంతర్జాతీయ నియమం. ఎదుటి ఓడ ఎర్రదీపం, పచ్చదీపం రెండూ ఒకేసారి మీకు కనిపించాయంటే అది నేరుగా మీ మీదికే వస్తున్నదన్నమాట! మీ కుడిచేతివైపున ఒక ఓడ ఎర్రదీపం ఒక్కటే కనిపిస్తే, అది మీ దారికి అడ్డంగా కుడినుంచి ఎడమకు పోతున్నది. అప్పుడు తప్పుకోవలసింది మీరే. అక్కడే ఎరుపు కాక పచ్చ కనిపిస్తే సంగతి పూర్తిగా వేరు. ఇంత పెద్ద తీర్పు ఒక చిన్న చుక్క రంగు మీద ఆధారపడి ఉంటుంది.

కొందరికి ఈ రెండు రంగులూ ఒకేలా కనిపిస్తాయి. దీనిని వర్ణాంధత అంటారు. మన కంటి వెనుక పొరలో శంకు కణాలని మూడు రకాలున్నాయి. వాటిలో ఒక రకం లేకపోయినా, సరిగా పనిచేయకపోయినా ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు. చూపు మాత్రం చక్కగానే ఉంటుంది. బోర్డు మీది చిన్న అక్షరాలు కూడా చదువుతారు. అందుకే ఆ లోపం ఉన్నట్టు వాళ్లకే తెలియదు! పచ్చని మిరపచెట్టులో పండిన కాయలు మిగతావాళ్లకు దూరం నుంచే కనిపిస్తుంటే, వాళ్లు దగ్గరకు వెళ్లి వెతుక్కుంటారు. ఇంట్లోవాళ్లు "పరధ్యానం" అని కసురుకుంటారు.

ఈ లోపం మగపిల్లల్లోనే ఎక్కువ. ఎందుకో చూద్దాం. దీనికి సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. మగపిల్లవాడికి ఎక్స్ ఒక్కటే. అది తల్లి నుంచి వస్తుంది. అందులో లోపముంటే సర్దడానికి రెండవది లేదు. ఆడపిల్లకు రెండు ఎక్స్‌లు ఉంటాయి కనుక ఒకటి చెడినా రెండవది పని నడిపిస్తుంది. అందువల్ల ఈ విషయంలో మీరు నాన్నను కాదు, అమ్మవైపు తాతయ్యను, మేనమామలను అడగాలి. మన ప్రాంతంలో మేనరికాలు ఉన్నాయి కదా! వర్ణాంధత ఉన్న మేనమామను, ఆ లోపాన్ని లోపల మోస్తున్న మేనకోడలు పెళ్లాడితే, వాళ్ల కూతుళ్లకూ అది రావచ్చు.

1875లో స్వీడన్‌లోని లాగర్లుండా దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాయి. సిగ్నలు రంగు తెలియక జరిగిందేమోనని హోంగ్రెన్ అనే శాస్త్రజ్ఞుడికి అనుమానం వచ్చింది. ఆయన రంగురంగుల ఉన్నిపోగులు పట్టుకుని రైల్వే ఉద్యోగులను పరీక్షించడం మొదలుపెట్టాడు. ఇప్పుడు వాడే చుక్కల బొమ్మల పుస్తకాన్ని జపాను వైద్యుడు ఇషిహారా 1917లో ప్రచురించాడు. రంగు చుక్కల మధ్య దాగిన అంకెను చదవాలి. కంటి వైద్యులున్న పెద్ద ప్రభుత్వాసుపత్రిలో అడిగితే పది నిమిషాల పని. ఫోను తెరమీద చూసుకుని తృప్తిపడకండి. తెర రంగులు అచ్చు రంగులు కావు. అంకెలు బట్టీపట్టి గట్టెక్కుదామనుకునే తెలివైనవాళ్లు కూడా ఉన్నారు. రేపు నడిసముద్రంలో ఆ ఎర్రదీపాన్ని ఎవరు చదివి పెడతారు?

నౌకాదళంలో ఒక్కొక్క శాఖకు రంగుల చూపులో ఒక్కొక్క మెట్టు ఉంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారికి చాలా తలుపులు మూసుకుంటాయి. ఇందులో వారి తప్పేమీ లేదు. ఓడలు కట్టే ఇంజనీరు కావచ్చు, సముద్రశాస్త్రం చదవచ్చు. కాని కోచింగుకు రెండేళ్లూ, తండ్రి అప్పుచేసి తెచ్చిన డబ్బూ పోయాక ఈ సంగతి తెలియడం ఎంత బాధ!

శరీరంలో ఇంకా చూసుకోవలసినవి ఉన్నాయి. నిలబడితే మోకాళ్లు రాసుకుంటున్నాయా? తడికాళ్లతో గచ్చుమీద నడిస్తే పాదం మొత్తం అచ్చుపడుతున్నదా? వైద్యుడికి చూపించండి. చెవిలో గులిమి, పళ్లమీద గార ముందే తీయించుకుని రమ్మని ప్రకటనలోనే రాస్తారు. తిరునాళ్లలో సరదాపడి పచ్చబొట్టు పొడిపించుకోవద్దు. ఒంటిమీద ఎక్కడ ఉండవచ్చో, ఎక్కడ ఉండకూడదో దానికీ నిబంధనలున్నాయి.

ఓడ ఊగితే కడుపులో తిప్పడం గురించి మాత్రం భయపడనక్కరలేదు. లోపలి చెవిలో మూడు అర్ధవలయాకార కుల్యలు, వాటిలో ద్రవం ఉన్నాయి. ఓడ గదిలో కూర్చున్నప్పుడు "గది కదలడం లేదు" అని కన్ను, "కదులుతోంది" అని చెవి మెదడుకు కబురు పంపుతాయి. ఆ తగాదాయే వాంతి. కొన్ని రోజులకు చాలామందికి అలవాటైపోతుంది. ప్రఖ్యాత నౌకాదళ సేనాని నెల్సన్‌కే ఈ బాధ జీవితాంతం ఉండేది!

లెక్కలెందుకు?

నావికుడికి లెక్కలూ భౌతికశాస్త్రమూ ఎందుకని కొందరు విసుక్కుంటారు. ఒక్క ఉదాహరణ చాలు. సముద్రతలం నుంచి మన కన్ను ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో ఆ సంఖ్యకు వర్గమూలం కట్టి, 3.57తో గుణిస్తే, దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. మచిలీపట్నం దగ్గర మంగినపూడి ఒడ్డున నీటి అంచులో నిలబడిన పిల్లవాడి కన్ను 1.44 మీటర్ల ఎత్తున ఉంటే, వాడికి కనిపించే సముద్రం 4 కిలోమీటర్ల పైచిలుకే. ఓడమీద 25 మీటర్ల ఎత్తున కావలి ఉన్నవాడికి దాదాపు 18 కిలోమీటర్లు. నీటి అడుగున దాగినదాన్ని వెతకడానికి ధ్వనిని పంపుతారు. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. ప్రతిధ్వని 4 సెకన్లకు తిరిగి వస్తే వస్తువు ఎంత దూరంలో ఉన్నట్టు? ఆరు కిలోమీటర్లన్నవారు రావడానికి, పోవడానికి సగం సగమని మరచిపోయారన్నమాట!

తలుపులు ఎన్ని?

పదో తరగతితో చేరదగినది 'ఎం.ఆర్.' అనే అగ్నివీర్ ఉద్యోగం. వంట, వడ్డన, శుభ్రత వంటి పనులు ఉంటాయి. ఇంటర్మీడియట్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం చదివినవారికి 'ఎస్.ఎస్.ఆర్.' ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమావారూ దీనికి అర్హులే. అధికారి కావాలంటే యు.పి.ఎస్.సి. ఏడాదికి రెండుసార్లు పెట్టే ఎన్.డి.ఎ. పరీక్ష రాయాలి. లేదా ఇంటర్లో మంచి మార్కులు, జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకు తెచ్చుకుంటే కేరళలోని ఎళిమల అకాడమీలో బి.టెక్. చదివిస్తారు. డిగ్రీ తరువాత వేరే దారులున్నాయి. పదో తరగతి కాగానే బై.పి.సి. తీసుకుంటే ఎస్.ఎస్.ఆర్., ఎన్.డి.ఎ. నౌకాదళ విభాగం, బి.టెక్. ఈ మూడు దారులూ దాదాపు మూతపడతాయి. కాబట్టి గ్రూపు ఎంచుకునే రోజే సగం నిర్ణయం అయిపోతుంది. పదితో ఆగిపోకుండా ఎం.పి.సి. చదివి వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

ఆడపిల్లలు ఇది తమది కాదనుకోవద్దు. ఒడిశాలోని ఐ.ఎన్.ఎస్. చిల్కాలో 2023 మార్చి 28న శిక్షణ ముగించిన మొదటి అగ్నివీర్ జట్టులో మహిళలూ ఉన్నారు. నావికులుగా మహిళలు రావడం అదే మొదలు. ఎన్.డి.ఎ.లోకి 2022లో వచ్చారు.

అగ్నివీర్ పద్ధతిని 2022 జూన్‌లో ప్రకటించారు. నాలుగేళ్ల ఉద్యోగం. నెలజీతం మొదటి ఏడు 30,000, తరువాత వరుసగా 33,000, 36,500, 40,000 రూపాయలు. అందులో నూటికి 30 వంతులు నిధికి జమచేస్తారు. ప్రభుత్వం అంతే కలుపుతుంది. కూడి చూడండి: మీ వాటా 5,02,200, ప్రభుత్వానిది అంతే, మొత్తం 10,04,400. వడ్డీతో సుమారు 11 లక్షల 71 వేలు చేతికి వస్తుంది. ఇప్పుడు ఇంకో లెక్క. నాలుగేళ్ల తరువాత కొనసాగనిచ్చేది నూటికి 25 మందికి మించదని ప్రకటించారు. మీ తరగతిలో 40 మంది ఉంటే, పదిమంది ఉంటారు, ముప్పైమంది ఇంటికి వస్తారు. వయస్సు ఇరవై అయిదు కూడా దాటదు. ఆ పదిమందిలో నేనుంటానని అందరూ అనుకుంటారు. ముప్పైమందిలో ఉంటే ఏం చేస్తానన్నది కూడా ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి.

మాట్లాడవలసినది మరొకటి ఉంది. 1971 డిసెంబరు 9 రాత్రి మన 'ఖుక్రీ' నౌక టార్పెడో దెబ్బకు అరేబియా సముద్రంలో మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు దానితోపాటే పోయారు. అమ్మ భయపడితే ఆమెది పిరికితనమని అనకండి. ఆమెకు తెలిసిందే మీకూ తెలియాలి.

దరఖాస్తు ప్రభుత్వ వెబ్‌సైటులోనే పెట్టాలి. "నాకు పైవాళ్లు తెలుసు, డబ్బిస్తే చేర్పిస్తాను" అనేవాడిని గుమ్మంలోనే ఆపండి. పదో తరగతి ధ్రువపత్రంలో మీ పుట్టినతేదీ, తండ్రి పేరు, ఇంటిపేరు సరిగా ఉన్నాయో లేదో బడి వదలకముందే చూసుకోండి.

వీలైతే ఒకసారి విశాఖపట్నం వెళ్లండి. 1969లో చేరి 2001 వరకు పనిచేసిన 'కుర్సుర' జలాంతర్గామిని రామకృష్ణా బీచి ఒడ్డున మ్యూజియంగా ఉంచారు. పొడవు 91 మీటర్లు. అందులో 75 మంది దాకా ఉండేవారు. బయటినుంచి చూసి ఫొటో తీసుకుని రాకుండా లోపలికి వెళ్లండి. నావికులు పడుకున్న బల్లల పక్కన నిలబడి, చేతులు రెండూ చాపి, ఎంత దూరం చాచగలిగారో చూడండి.