పరాయి దేశంలో ప్రాణమిచ్చిన కెప్టెన్ సలారియా



2025 మే నెలలో మన పక్క జిల్లా కల్లితండాకు చెందిన మురళీ నాయక్ అన్న కాశ్మీర్ సరిహద్దులో చనిపోయినాడు. ఎందుకు పోయినాడని ఎవరూ అడగలేదు. సరిహద్దు మనది. కానీ సోషల్ సార్ కాంగోలో చనిపోయిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా గురించి చెప్పినప్పుడు, జమ్మలమడుగు మిత్రుడు ఒకడు లేచి, "అది మన దేశం కాదు కదా సార్! జీతం కోసం పోయినాడా?" అన్నాడు. అందుకే ఈ వ్యాసం.

హాస్టల్ పిల్లోడే: సలారియా 1935 నవంబరు 29న పంజాబులో పుట్టినాడు. నాయన సిపాయి. 1946లో బెంగుళూరు మిలిటరీ స్కూల్లో చేరి మన మాదిరే ఇంటికి దూరంగా ఉండి చదువుకున్నాడు. 1947లో దేశం రెండైనప్పుడు ఆయన పుట్టిన ఊరు పాకిస్తాన్‌లోకి పోయింది. ఇంటివాళ్ళు ఇటు గురుదాస్‌పూర్ జిల్లాకు వచ్చేసినారు. 1957లో ఆయన సైన్యంలో ఆఫీసరయినాడు.

కాంగోలో ఏం జరిగింది?: ఆఫ్రికాలోని కాంగోకు 1960 జూన్ 30న బెల్జియం నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. కొద్ది రోజులకే కటంగా రాష్ట్రం విడిపోతానన్నది. అక్కడ రాగి గనులు ఎక్కువ, యురేనియం కూడా ఉంది. మన పులివెందుల దగ్గర తుమ్మలపల్లిలో తీసేది కూడా యురేనియమే. భూమిలో సంపద ఉన్నచోట కొట్లాట తొందరగా వస్తుంది. కాంగో ప్రభుత్వం సాయం అడిగితే ఐక్యరాజ్యసమితి శాంతి సేనను పంపింది. అందులో మన గూర్ఖా సైనికులు కూడా ఉన్నారు.

ఆ రోజు: 1961 డిసెంబరు 5. ఎలిజబెత్‌విల్ పట్నంలో (ఇప్పటి పేరు లుబుంబాషి) విమానాశ్రయం దారిని కటంగా బలగాలు మూసేసినాయి. దారి తెరవకపోతే ఐక్యరాజ్యసమితి కార్యాలయం శత్రువుల మధ్య చిక్కిపోతుంది. సలారియా వెంట 16 మందే. ఎదురుగా సుమారు 90 మంది, రెండు కవచం కార్లు. మనవాళ్ళు రాకెట్ లాంచర్‌తో కార్లను పేల్చినారు. తర్వాత కుక్రీలు, బాయినెట్లు పట్టుకొని మీదికి దూకినారు. శత్రువుల్లో 40 మంది చనిపోయినారు, మిగిలినోళ్ళు పారిపోయినారు. సలారియాకు మెడలో గుండ్లు తగిలినాయి. అయినా పోరాడుతూనే ఒరిగిపోయినాడు. 26 ఏళ్ళు నిండి ఆరు రోజులే అయింది!

1962లో ఆయనకు పరమవీర చక్ర ప్రకటించినారు. శాంతి సేనలో పోరాడి ఆ పతకం పొందినవాడు ఆయన ఒక్కడే. 1963 జనవరిలో కటంగా మళ్ళీ కాంగోలో కలిసింది.

మిత్రుడికి జవాబు: జీతం అందరూ తీసుకుంటారు. 16 మందితో 90 మంది మీదికి పోయేది జీతం కోసం కాదు. ఆయన అక్కడ సెంటు భూమి అడగలేదు. దారి తెరవమన్నారు, తెరిచినాడు. చిన్నప్పుడే సొంత ఊరు పోగొట్టుకున్నవాడు ఇంకొకరి దేశం ముక్కలు కాకుండా నిలబడినాడు. మన సరిహద్దులో పోయిన అన్నను తలుచుకున్నట్టే ఈయన్నూ తలుచుకోవాల.

ప్రశ్నలు:
1. కాంగోకు ఏ దేశం నుంచి స్వాతంత్ర్యం వచ్చింది?
2. సలారియా ఏ దారిని తెరవడానికి పోరాడినాడు?
3. మీరైతే ఆ మిత్రుడికి ఏం జవాబు చెప్తారు?

జవాబులు రాసి శనివారం లోపల ఈ పత్రిక కింద ఉన్న పెట్టెలో వేయండి.